కొబ్బరి పొట్టులో తోటకూర

పెంటకోట,
8-11-1998

లోవలక్ష్మి వదినగారికి అప్పాయమ్మ నమస్కారాలు.

పురిటికి తీసుకొచ్చిన మీ కోడలు బేబి ఇక్కడ కులాసా. ఏడో నెల నడుస్తున్నా ఒక్కచోట కూర్చోదు. మొన్న ఆదివారం పెళ్ళాన్ని చూడ్డానికి వచ్చిన మీ అబ్బాయి రమేష్‌బాబు తిరుగు ప్రయాణంలో బస్సు టాపు మీద రెండు గోనె సంచులు వేయించాను. చూసి కంగారు పడకండి. అందులో ఉన్నది కొబ్బరి పొట్టు.

మేం ఆడవాళ్ళం పదిమందిమి కలిసి ఏడాది పొడుగునా పీచు షెడ్డులో తాళ్ళు పేనుకుంటాం, వేట ఆగిన నెలల్లో మాకు అదే ఆధారం, మీకు తెలుసుగా. కొబ్బరి డొక్కల్ని ఉప్పుటేటిలో నానేసి, కొట్టి, పీచు తీశాక రాలిన పొట్టంతా షెడ్డు ముందే పోస్తూ వచ్చాం. ఏళ్ళ తరబడి పోసేసరికి అదొక కొండై కూర్చుంది. పోయిన వానల్లో ఆ కొండలోంచి ఎర్రనీళ్ళు వీధిలోకి పారాయి. సర్పంచిగారు వచ్చి, "మళ్ళీ వానలొచ్చేలోపు ఈ కుప్ప ఎత్తించకపోతే షెడ్డు మూయించేస్తాను. నా మీద ఏడిసి నాబం నేదు" అనేశారు. షెడ్డు మూస్తే ఆ నెలల్లో మా పొయ్యిలు వెలగవు.

పాయకరావుపేట మీటింగులో తోటల ఆఫీసరు మన్మథరావుగారిని పట్టుకుని అడిగాను. మట్టి అక్కర్లేకుండా ఈ పొట్టులోనే ఆకుకూరలు పెంచవచ్చుట. పెరిగినట్టు ఎవరైనా చూపిస్తే కుప్పంతా నర్సరీల వాళ్ళ చేత ఆయనే ఎత్తిస్తారుట. అప్పుడు నాకు మీ డాబా గుర్తొచ్చింది. మట్టి మోయిస్తే శ్లాబు కూలిపోతుందని మీ ఇంటి ఓనరు సింగన్నగారు గొడవ పెడతారని బేబి చెప్పింది కదా. ఈ పొట్టు దూదిలా ఉంటుంది. ఆయన నోరు మూతపడుతుంది, నాకు కూర మొలుస్తుంది.

ఇంకొక్క మాట. పెళ్ళిలో మా చేపల పులుసుకి మీరు వంక పెట్టిన సంగతీ, ఉప్పెక్కువైందని నలుగురి ముందూ అన్న సంగతీ, దాని మీద మనం ఏడాది పాటు మాట్లాడుకోని సంగతీ నేను పూర్తిగా మర్చిపోయాను. మీరు కూడా మనసులో పెట్టుకోవద్దు.

మీ వదిన,
అప్పాయమ్మ


నర్సీపట్నం,
22-11-1998

వదినగారూ, మీ ఉత్తరమూ, మీ సంచులూ క్షేమంగా చేరాయి.

సంచులు దించుతుంటే కండక్టరు "ఏటండీ ఇది, దూడల మేతా?" అని అడిగాడట. మావాడు సిగ్గుపడి అవునన్నాడట. ఆర్టీసీ డిపోలో మెకానిక్కుకి ఆ మాత్రం మొహమాటం ఉంటుంది లెండి.

సింగన్నగారు పైకి వచ్చి సంచి ఎత్తి చూశారు. బరువు లేకపోయేసరికి పాపం ఆయనకి గొడవ పెట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. కోసిన నూనె డబ్బాలకి కింద బెజ్జాలు కొట్టి, పొట్టు నింపి, తోటకూర, పాలకూర, కొత్తిమీర జల్లాను. మీ అన్నయ్యగారు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని డాబా ఎక్కి, మొలక వచ్చిందా లేదా అని వంగి చూసి వస్తున్నారు. రిటైరయ్యాక ఆయన ఇంత శ్రద్ధగా ఒక పని చెయ్యడం ఇదే మొదలు.

మీరు మర్చిపోయిన సంగతులన్నీ అంత వివరంగా రాశారు కనుక నేను కూడా మర్చిపోయాను. ఆ రెండక్షరాలూ... కాదు, ఆ మాట మన మధ్య ఇక ఎప్పటికీ రాదు. కోడలు మీ దగ్గర నిండుగా ఉన్న సమయంలో మనకి మళ్ళీ మాటలు పోతే నేను తట్టుకోలేను. మా రమేష్ మీద ఒట్టు.

ఉంటాను,
లోవలక్ష్మి


పెంటకోట,
13-12-1998

వదినగారికి,

మీరు ఉత్తరం రాసి మూడు వారాలైంది. తోటకూర మొలవడానికి అన్నాళ్ళు పట్టదు. షెడ్డులో అందరూ నన్ను చంపుకు తింటున్నారు. మా అచ్చియమ్మ అయితే రోజూ ఒకటే పాట: "ఏటే అప్పాయమ్మా, మీ వియ్యపురాలు కూర కోసిందా నేదా? బేగి సెప్పమని రాయి." మీ అబ్బాయిని అడిగితే "మా అమ్మనే అడగండత్తా" అని బస్సు టైమైపోయిందంటాడు. బస్సుకి ఇంకా గంట ఉంది.

బేబికి చింతకాయ పచ్చడి కావాలిట. మీరు పెట్టిందే కావాలిట. నాకు రాదుట. ఏం చేస్తాం, పంపండి.

అప్పాయమ్మ


నర్సీపట్నం,
27-12-1998

వదినగారికి నమస్కారాలు. పచ్చడి సీసా మావాడి చేతికిచ్చాను. మూత గట్టిగా ఉంది, అన్నయ్యగారి చేత తీయించండి.

కూరల సంగతి ఏం చెప్పమంటారు! మీ పొట్టు మహిమ. తోటకూర గుబురుగా వచ్చింది. పాలకూర కోసిన కొద్దీ వస్తోంది. కొత్తిమీర నడుం దాకా ఎదిగింది. వీధిలో వాళ్ళు మెట్లెక్కి మరీ చూసి పోతున్నారు.

మీరు ఆ డొక్కల్ని ఏ నీళ్ళలో నానేస్తామన్నారు? ఉప్... ఏరు అన్నారు కదా. మంచినీళ్ళలో నానెయ్యడం అంటూ ఉండదా? ఊరికే అడిగాను. దానికీ దీనికీ ఏమీ సంబంధం లేదు. అసలు ఆ ప్రశ్న పట్టించుకోకండి.

ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. మీ అన్నయ్యగారు డాబా ఎక్కడం మానేశారు. చలి వల్లే.

మీ
లోవలక్ష్మి


పెంటకోట,
10-1-1999

మా బంగారు వదినగారికి,

మీ ఉత్తరం షెడ్డులో గట్టిగా చదివాను. అచ్చియమ్మ రెండుసార్లు చదివించుకుంది. "నడుం దాకా కొత్తిమీరా! ఓలమ్మో, అది కొత్తిమీరా, సరుగుడు తోటా?" అని అందరూ ఒకటే నవ్వు. నాకూ కొంచెం అనుమానం వచ్చిన మాట నిజం. మళ్ళీ అనుకున్నాను, మా వదిన నడుం ఎంత ఎత్తులో ఉంటుందని! మీరు పొట్టి కదా.

ఇంత బాగా వచ్చాక రెండు సంచులతో ఏం సరిపోతుంది? ఇంకో నాలుగు పంపిస్తున్నాను. మీ అబ్బాయి వద్దంటే వద్దన్నాడు. వియ్యాలవారింట మొహమాటం ఎందుకయ్యా అని కూకలేసి బస్సెక్కించాను.

ఇకనుంచి నాకు రాత్రి నిద్ర పడుతుంది. మీకు చెప్పలేదు గానీ, షెడ్డు పోతుందేమోనని లోపల చాలా భయంగా ఉండేది. మీ చేతి చలవ వల్ల పది ఇళ్ళు నిలబడబోతున్నాయి. వచ్చే ఆదివారం ఒక కట్ట కూర పంపండి. మావాళ్ళు కళ్ళారా చూసి నోరారా తింటారు.

మీ అప్పాయమ్మ


నర్సీపట్నం,
24-1-1999

వదినగారికి,

నాలుగు సంచులు అందాయి. ఇంత శ్రమ మీరు పడకూడదు. నిజంగా పడకూడదు. ఇక పంపకండి. డాబా మీద చోటు లేదు.

మీరడిగినట్టే పెద్ద కట్ట తోటకూర పంపుతున్నాను. వేళ్ళు కోసేసి, ఆకు బాగా కడిగేసి పంపాను. వేళ్ళెందుకు లెండి, వండుకునేది ఆకే కదా.

బేబిని మెట్లు ఎక్కనివ్వకండి. నాకు ఈమధ్య మనసు మనసులో ఉండటం లేదు.

లోవలక్ష్మి


పెంటకోట,
12-2-1999

నానమ్మగారికి,

అవును, ఇకనుంచి మీ పేరు అదే! నిన్న తెల్లారేసరికి బేబికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ముక్కు మాత్రం మీదే, దానికి మేం బాధ్యులం కాదు. దేవిశ్రీ అని పిలుద్దామని బేబి అంటోంది. మీకిష్టమేనా రాయండి.

ఆ తోటకూర పదిమందిమీ షెడ్డు దగ్గరే రొయ్యపొట్టు వేసి వండుకు తిన్నాం. ఏమి రుచి! "మట్టిలో పెరిగిన కూరకి ఈ రుసి ఎక్కణ్ణించి వస్తాదే" అని అచ్చియమ్మ ఆకు నాకేసింది. మిగతావాళ్ళు కూడా బజారు కూర ఇక నోట పెట్టలేమన్నారు.

అంతకన్నా పెద్ద కబురు. మీ ఉత్తరాలు తీసుకెళ్ళి మన్మథరావుగారికి చూపించాను. ఆయన తెగ సంతోషపడి, నెలాఖరున నర్సీపట్నం పని మీద వచ్చినప్పుడు మీ డాబా స్వయంగా చూస్తానన్నారు. ఆయన చూసి సరేనంటే కుప్ప కదిలినట్టే, షెడ్డు నిలిచినట్టే. ఇక అంతా మీ చేతిలో ఉంది. ఆయనకి కాఫీలో పంచదార తక్కువ వెయ్యండి, షుగరుట.

మీ
అప్పాయమ్మ


నర్సీపట్నం,
3-3-1999

వదినగారికి,

మనవరాలి కబురు విని వీధంతా పంచదార పంచాను. దేవిశ్రీ పేరు చాలా బాగుంది. ముక్కు గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీరు కూర్చోండి. పక్కన ఎవరైనా ఉంటే ఇంకా మంచిది.

మా డాబా మీద ఒక్క మొక్క కూడా బతకలేదు. మొదటిసారి మొలకలు వచ్చాయి, ఆకు కొసలు మాడాయి, తలలు వాల్చేశాయి. రెండోసారి జల్లాను, అదీ అంతే. వేలితో పొట్టు తీసి నాలుక మీద పెట్టుకుంటే మీ సముద్రం మొత్తం నా నోట్లోకి వచ్చింది. కారణం తెలిసిపోయింది. కానీ ఆ మాట కాగితం మీద పెట్టడానికి చెయ్యి రాలేదు. పులుసులో అదే, పొట్టులోనూ అదే అంటే మీరేమనుకుంటారు? నెలలు నిండిన పిల్ల మీ ఇంట్లో ఉంది. పైగా మూడోసారైనా మొలవకపోతుందా, అప్పుడు నా మాట నిజమైపోతుంది కదా అని ఆశపడ్డాను. ఆశపడుతూనే కొత్తిమీరని నడుం దాకా పెంచేశాను.

మీరు తిన్న తోటకూర రోలుగుంట నుంచి వచ్చే ఆవిడ దగ్గర కొన్నది. మట్టిలో పెరిగిందే.

ఆఫీసరుగారు నెలాఖరున రానే వచ్చారు. ఆ పొద్దున్నే బజారుకెళ్ళి వేళ్ళతో ఉన్న తోటకూర కట్టలు తెచ్చి డబ్బాల్లో గుచ్చాం. నేను గుచ్చుతుంటే మీ అన్నయ్యగారు నీళ్ళు పోశారు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! మన్మథరావుగారు కూడా అలాగే అన్నారు. అని, ఒక మొక్క పైకి లాగారు. వేళ్ళకి ఎర్రమట్టి.

"ఏమ్మా, కొబ్బరి పొట్టులో ఎర్రమట్టి ఎలా వచ్చిందండీ?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు మీ అన్నయ్యగారు వెనకాల నుంచి, "అది రోలుగుంట మట్టండి బాబూ, పొద్దున్నే కొన్నాం" అనేశారు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన అడగకుండా చెప్పిన నిజం అదొక్కటే.

ఆఫీసరుగారు తిడతారనుకున్నాను. ఆయన గుప్పెడు పొట్టు తీసి పిండి, ఆ నీళ్ళు నాలుకకి రాసుకుని, ఉమ్మేసి, ఆ మాట ఆయనే అన్నారు. ఉప్పు. ఉప్పుటేటిలో నానిన డొక్కల పొట్టుని కడక్కుండా వేస్తే ఏ విత్తూ బతకదుట. కడిగినా ఉత్త పొట్టులో బలం ఉండదు, పైనుంచి ఏదో ఒక ఎరువు నీళ్ళు పెట్టాలిట. "మొదట్లోనే సెప్పుంటే ఈపాటికి బాగుచేసుకుందుం కదమ్మా" అన్నారు. వానల్లోపు మళ్ళీ పండించి చూపిస్తే చూస్తాను, లేకపోతే నేనేమీ చెయ్యలేను అని వెళ్ళిపోయారు. కాఫీ కూడా తాగలేదు.

మీ షెడ్డుకి నేను చేసిన చేటు తలుచుకుంటే ముద్ద దిగడం లేదు. మీరు మాట్లాడకపోయినా అర్థం చేసుకుంటాను. నెల దాటాక బేబినీ పిల్లనీ మాత్రం పంపండి.

లోవలక్ష్మి


పెంటకోట,
12-3-1999

లోవలక్ష్మిగారికి,

మీ ఉత్తరం షెడ్డులో గట్టిగా చదివాను. బజారు కూర ఇక నోట పెట్టలేమన్నవాళ్ళందరూ నేల చూపులు చూశారు. చివరికి బేబి పకపకా నవ్వింది. పచ్చి బాలింత, నవ్వకే అన్నా ఆగదు. దాంతో అచ్చియమ్మ, ఆ వెనక అందరూ. నేను మాత్రం నవ్వలేదు.

ఒక్క సంగతి తేల్చుకుందాం. పులుసులో ఉప్పు సరిపోయింది. పొట్టులో ఎక్కువైంది. ఈ రెండిటినీ ఎక్కడా కలపకండి.

మీరు అబద్ధమాడారని కాదు నా కోపం. నిజం రాస్తే నేను కడుపుతో ఉన్న పిల్లని కూడా చూడకుండా మూతి ముడుచుకుంటానని అనుకున్నారు చూడండి, అది నన్ను కోసేసింది. నేను అంత దానినా వదినా?

సరే, ఏడుస్తూ కూర్చుంటే కుప్ప కరగదు. ఉప్పు వదిలించడం మాకు ఒకరు నేర్పాలా? ఎండుచేపని ఏం చేస్తాం? నానేసి, పిండి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నానేసి, నాలుక మీద పెట్టుకుని చూస్తాం. పొట్టుకీ అదే. కాకపోతే మా ఊళ్ళో బోరింగు దగ్గర బిందె నీళ్ళకే కొట్లాట. అందుకని బండి మీద సంచులేసుకుని తాండవ ఏటికి వెళ్ళాం. మూతులు కట్టిన సంచుల్ని ఏటిలో ముంచి, పైన రాళ్ళు పెట్టి, మధ్యలో తీసి తొక్కి, మళ్ళీ ముంచాం. నీళ్ళు కాఫీ రంగులో పోతుంటే దిగువన బట్టలుతికేవాళ్ళు "ఎవుర్రా అది, ఏరంతా పాడుసేస్తన్నారు!" అని పరిగెత్తుకొచ్చారు. ఉతుకు అయ్యాకే తొక్కుతామని ఒప్పందం చేసుకున్నాం. నాలుగో తడవకి అచ్చియమ్మ నాలుకకి ఉప్పు తగల్లేదు. ఆ నాలుక మీద మాకు గురి.

బలానికి చేపలు కడిగిన నీళ్ళు పోయండి. మీ ఊరి చేపల బజారులో అడిగితే ఊరికే ఇస్తారు. నేరుగా పొయ్యకండి, బాగా పలచన చెయ్యండి.

ఆరబెట్టిన రెండు సంచులు మీ అబ్బాయితో పంపుతున్నాను. ఈసారి ఒక్క పొగడ్త రాశారంటే ఉత్తరం చింపేస్తాను. వంకలు రాయండి. మీకు ఎలాగూ అలవాటే కదా.

అప్పాయమ్మ


నర్సీపట్నం,
16-5-1999

వదినగారికి,

వంకలు రాయమన్నారు, రాస్తున్నాను.

కొత్తిమీర రాలేదు. ఎండకి మొలకలోనే పోయింది. పాలకూర జానెడు లేచి పూతకొచ్చేసింది, ఆకు చేదు. డబ్బాలు రోజుకి రెండు పూటలూ తడపాలి, ఒక్కపూట మరిచినా పొట్టు పైన ఎండిపోయి నీళ్ళు పక్కల నుంచి జారిపోతున్నాయి. చేపల నీళ్ళు పోసిన దగ్గర్నుంచి నర్సీపట్నంలో ఉన్న పిల్లులన్నీ మా డాబా మీదే కాపురం. మీ అన్నయ్యగారు కర్ర పట్టుకుని గొడుగేసుకుని కాపలా కూర్చుంటున్నారు. వాసనకి సింగన్నగారు మూడుసార్లు పైకొచ్చి గొడవ పెట్టుకున్నారు. చాలా కాలానికి కారణం దొరికిందని ఆయన ముఖం కళకళలాడింది. మూడోసారి మాత్రం వెళ్తూ వెళ్తూ ఒక కట్ట కోసుకుపోయారు.

బచ్చలి పర్వాలేదు. తోటకూర వచ్చింది. ఆకు మీ అన్నయ్యగారి అరచెయ్యంత ఉంది, చెయ్యి ఆనించి చూశారు. కొసలు మాడలేదు. కాడ మాత్రం కొంచెం పీచు, లేతగా ఉన్నప్పుడే కొయ్యాలి. పొట్టు మళ్ళీ నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు లేదు.

చూశారా, ఆ మాట రాసేశాను. రాస్తే ఏమీ కాలేదు.

ఒక కట్ట వేళ్ళతో సహా, వేళ్ళకి పట్టుకున్న పొట్టుతో సహా తడిగుడ్డలో చుట్టి మావాడి చేతికిస్తున్నాను. కడగలేదు. మీరు బేబినీ పిల్లనీ పంపిన దగ్గర్నుంచి దేవిశ్రీ పొద్దున్నే డాబా మీద ఆకులు ఊగుతుంటే చూస్తూ ఊ కొడుతోంది. బేబి మీ మీద బెంగ పెట్టుకుంది గానీ చెప్పదు. నేనూ అంతే.

మీ
లోవలక్ష్మి


పెంటకోట,
20-6-1999

ప్రియమైన వదినగారికి,

ఆలస్యానికి ఏమీ అనుకోకండి. చేతులు ఖాళీ లేవు. ఎందుకు లేవో వినండి.

మీ కట్టా, మీ ఉత్తరమూ పట్టుకుని మన్మథరావుగారి ఆఫీసుకి వెళ్ళాను. నన్ను చూడగానే ఆయన "ఇప్పుడేటమ్మా, నడుం దాకా మెంతికూరా?" అన్నారు. నేను ఉత్తరం ముందు పెట్టాను. కొత్తిమీర పోయిందన్న దగ్గర తలూపారు, పాలకూర చేదన్న దగ్గర ఎండాకాలం అంతేనన్నారు, పిల్లుల దగ్గర నవ్వారు. తర్వాత కట్ట విప్పి వేళ్ళు దులిపి చూశారు. అంతా పొట్టే. "పొగిడిన ఉత్తరాలు తెచ్చారు, అయ్యి నమ్మి నేను మెట్లెక్కాను. ఇది సదివాక మెట్లెక్కక్కర్లేదు" అన్నారు. అయినా ఎక్కారుట కదా, మీ అబ్బాయి చెప్పాడు. ఈసారి కాఫీ తాగారుట.

వానలకి ముందే లారీలు వచ్చాయి. జీడి మొక్కల నర్సరీ వాళ్ళు సగం, డాబాల మీద ఆకుకూరలు వేసుకుంటామని తుని వాళ్ళు కొంత పట్టుకెళ్ళారు. కడిగి ఇస్తేనే తీసుకుంటామన్నారు కాబట్టి మాకు ఇంకో పని కూడా దొరికింది. ఏరు తొక్కీ తొక్కీ అందరి కాళ్ళూ నానిపోయాయి, ఎవరూ సణగడం లేదు. సర్పంచిగారు వచ్చి, కుప్ప ఉన్న చోట నిలబడి, చుట్టూ చూసి వెళ్ళిపోయారు. షెడ్డు మూసే మాట ఇక లేదు.

ఒక సంగతి ఎవరమూ అనుకోలేదు వదినా. కుప్ప పోయేసరికి షెడ్డు గుమ్మంలోంచి సముద్రం కనిపిస్తోంది. ఇన్నేళ్ళూ ఆ పొట్టు కొండ అడ్డం ఉండి, కెరటాల చప్పుడు వినడమే గానీ చూసింది లేదు. ఇదివరకు మగాళ్ళు వేటకెళ్తే, పడవలొచ్చాయని ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి చెప్పేదాకా మా చేతులు తాడు మీదా, ప్రాణం గుమ్మం మీదా ఉండేది. మొన్న మళ్ళీ వేట మొదలైంది. నిన్న సాయంత్రం తాడు పేనుతూ తలెత్తి చూస్తే పడవలు ఒక్కొక్కటే వస్తున్నాయి. అచ్చియమ్మ "ఒలే అప్పాయమ్మా, అది మీ ఆయన పడవేనే!" అని అరిచింది. పని ఆపకుండా, అక్కడే కూర్చుని, పదిమందిమీ ఎవరి పడవ వాళ్ళు చూసుకున్నాం.

నిన్న అన్నీ వచ్చాయి.

మీ వదిన,
అప్పాయమ్మ